చాట్‌బాట్ వద్దనే అన్నలకీ, అన్నీ దానికే అప్పజెప్పే తమ్ముళ్లకీ



పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న పెట్టిన పోస్టు చూశారు గదా. ఫోన్లో ఏఐతో ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకి జన్మలో ఇంగ్లిష్ రాదు, మేము డిక్షనరీ పట్టుకుని నేర్చుకున్నాం అని. కింద అంతా దండాలు, చప్పట్లు. రెండు రోజులు ఊరుకున్నా. కామెంట్లో రాస్తే కొట్లాట అవుద్దని ఇక్కడే పెద్దగా రాస్తున్నా. అన్న అంటే నాకు గౌరవం తక్కువేం లేదు. మా వైపు నుంచి సెంట్రల్ ఉద్యోగం కొట్టిన మొదటివాళ్లలో ఆయనొకరు. కానీ ఈ మాట తప్పు. సగం తప్పు అనుకోండి. మిగతా సగం గురించీ చెప్తా, అప్పుడు తమ్ముళ్లు నా మీద పడతారు, పడనీ.

ముందు నా సంగతి వినండి. మాది కోయ ఇల్లు. మా ఇంట్లో తాగే నీళ్లని ఏరు అంటాం. ఒకటో తరగతిలో సారు పుస్తకంలో వాగు బొమ్మ చూపించి "ఇది ఏరు" అన్నాడు. చెంబులో ఉండాల్సింది బొమ్మలో రాళ్ల మధ్య పారుతుందేంటా అని నేను నోరు తెరుచుకుని చూశా. మొద్దు అని పేరు పడింది. అంటే బడిలో నా మొదటి కాంప్రహెన్షన్ పరీక్ష ఇంగ్లిష్‌ది కాదు, తెలుగుది. అందులోనే ఫెయిల్. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అని ఎనిమిది భాషల్లో చిన్న క్లాసులకి చదువు మొదలెట్టారని డిగ్రీకి వచ్చాక చదివి తెలుసుకున్నా. మా ఊరి బడి దాకా అది రాలేదు.

తెలుగు కాస్త నిలదొక్కుకునేసరికి గురుకులం, ఇంగ్లిష్ మీడియం. ఏడో తరగతిలో నిలబెట్టి పాఠం చదివించారు. అప్పుకి ఇంగ్లిష్‌లో ఒక మాట ఉంది గదా, మధ్యలో "బి" అక్షరం ఉండి కూడా పలకదు, "డెట్" అనాలి. నేను "డెబ్ట్" అన్నా. క్లాసంతా నవ్వింది, టీచరూ నవ్వింది. ఏడాది పొడుగునా నా పేరు డెబ్టు. ఆ రోజు నుంచి డిగ్రీ రెండో సంవత్సరం దాకా ఇంగ్లిష్ క్లాసులో నేను నోరు తెరవలేదు. అతిశయోక్తి కాదు, నాతో చదివినవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు, అడగండి.

అన్నా, నువ్వు డిక్షనరీ అంటున్నావు. నాకూ డిక్షనరీ ఉంది. కానీ మొన్న జూన్‌లో మన మీటింగ్‌లో నువ్వే చెప్పావు, ఊళ్లో ఒక రిటైర్డు సారు రోజూ సాయంత్రం నీ నోటుబుక్కు ఎర్ర పెన్నుతో దిద్దేవాడని, తప్పు రాస్తే మళ్లీ రాయించేవాడని. నీకు ఇంగ్లిష్ వచ్చింది డిక్షనరీ వల్ల కాదన్నా, ఆ ఎర్ర పెన్ను వల్ల. మాకు లేనిది అదే. డిక్షనరీ అర్థం చెప్తుంది, నేను రాసిన వాక్యం తప్పో ఒప్పో చెప్పదు. నేను రాసిన బ్యాంకు ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, తప్పుకి పావు మార్కు కోత, పైగా ఆ సెక్షన్‌కి వేరే కటాఫ్. రీజనింగ్‌లో ఎంత దున్నినా ఇంగ్లిష్‌లో రెండు మార్కులు తగ్గి నేను బయటికొచ్చా. దిద్దే మనిషి కోసం హైదరాబాద్ కోచింగ్‌కి పోవాలంటే ఫీజు, హాస్టలు, తిండి. మా నాయన తునికాకు సీజన్ డబ్బులు మొత్తం పోసినా రెండు నెలలు చాలవు.

అప్పుడు పట్టుకున్నా చాట్‌బాట్‌ని. మొదటి రోజు నేను రాసిన వాక్యం "మై ఫాదర్ ప్లక్ తునికి లీఫ్" అని. అది దిద్ది, "ప్లక్" చివర "ఎస్" ఎందుకు రావాలో చెప్పి, తునికాకుని ఇంగ్లిష్‌లో "టెండు లీఫ్" అంటారని, సేకరించడానికి "కలెక్ట్" అన్నా సరిపోతుందని చెప్పింది. మళ్లీ రాశా, మళ్లీ తప్పు. మళ్లీ చెప్పింది. నవ్వలేదు. ఒకే తప్పు తొమ్మిది సార్లు చేసినా విసుక్కోలేదు. ఇది నీకు చిన్న విషయంలా కనిపిస్తుందేమో అన్నా. ఏడో తరగతిలో నోరు మూసుకున్నవాడికి చిన్నది కాదు. మన పిల్లల్లో ఎంతమంది తెలివి లేక కాదు, సిగ్గుతో ఆగిపోయారో నువ్వు హాస్టల్లో చూడలేదా?

సరే, ఇక తమ్ముళ్ల వంతు.

హాస్టల్లో మీరు చేసేది నేను చూస్తున్నా. పేరా కాపీ, చాట్‌బాట్లో పేస్ట్, "తెలుగులో చెప్పు", "ఆన్సర్ ఏది". అది బి అంటుంది. కీ చూస్తారు, బి. "అర్థమైంది అన్నా" అంటారు. ఏం అర్థమైంది? చదివింది అది, జవాబు చెప్పింది అది. పరీక్ష రోజు ఫోన్ గేటు బయట సంచిలో ఉంటుంది, లోపల కూర్చునేది మీరు. దీనికన్నా ఆ అన్న చెప్పిన డిక్షనరీయే నయం, కనీసం పేజీలు తిప్పే చెయ్యి అయినా మీది.

ఇంకొకటి, రోజుకి 50 పదాలు అడిగి లిస్టు స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో దాచడం. మా చిన్నమ్మ కొడుకు ఒక వ్యాసం చదువుతూ "ఎలియనేషన్" అంటే ఏంటని ఒక్క పదం అడిగాడు. ఒంటరితనం, మనుషులకి దూరమైపోవడం అని వచ్చింది. రాసుకున్నాడు. తర్వాత "ట్రైబల్ ల్యాండ్ ఎలియనేషన్" అని వస్తే, ఆదివాసీల భూములు ఒంటరిగా, దూరంగా ఉంటాయి అని అర్థం చేసుకున్నాడు. నవ్వకండి, నేను కూడా ముందు నవ్వి తర్వాత సిగ్గుపడ్డా. 1/70 చట్టం నీడలో బతికే పిల్లోడికి తన భూమి అన్యాక్రాంతం కావడం అనే మాట ఇంగ్లిష్‌లో కనిపిస్తే గుర్తు పట్టలేకపోయాడు. అదే వాక్యం మొత్తం పెట్టి "ఈ వాక్యంలో ఈ మాటకి అర్థమేంటి" అని అడిగితే సరిగ్గానే చెప్పింది. పదం వాక్యంలో ఉన్నప్పుడే పదం. రోజుకి ఎనిమిది చాలు, మీరు చదివిన పేరాలోంచే తీయండి, ఒక్కోదానితో మీ ఊరి మీద ఒక వాక్యం రాయండి, దిద్దమనండి.

పేరా చదివేటప్పుడు నేను చేసేది ఇది. ముందు ఫోన్ బోర్లా పెట్టి పేరా రెండు సార్లు చదువుతా. తెలియని మాటల కింద గీత, దాని అర్థం ఇదై ఉంటుందని పక్కన పెన్సిల్‌తో ఊహ. పేరా మొత్తం ఏం చెప్తుందో తెలుగులో రెండు లైన్లు నోటుబుక్కులో. ఆ తర్వాతే చాట్‌బాట్. దానికి తెలుగులోనే చెప్తా: "ఈ పేరా మీద ఐదు ప్రశ్నలు అడుగు, ఒక్కోటిగా అడుగు, జవాబు చెప్పకు. నేను చెప్పాక తప్పైతే పేరాలో ఏ వాక్యం చూడాలో మాత్రం చూపించు." ఆ చివరి ముక్క మర్చిపోవద్దు. ఎందుకంటే దానికి ఒక చెడ్డ అలవాటు ఉంది, మనల్ని మెచ్చుకోవడం. ఒకసారి కావాలనే తప్పు జవాబు పెట్టి, "కాదు, నాదే కరెక్ట్" అని గట్టిగా అన్నా. క్షమించండి, మీరే కరెక్ట్ అంది. పరీక్షలో కీ అట్లా క్షమాపణ చెప్పదు. ఆధారం వాక్యం చూపించమంటే అది తప్పించుకోవడం కష్టం, మనం మోసపోవడమూ కష్టం. జవాబుల విషయంలో పాత పేపర్ల అఫీషియల్ కీని నమ్మండి, దాన్ని కాదు.

మన భాషల విషయంలో అసలే నమ్మకండి. అది నేర్చుకున్నది రాతలోంచి. ఇంగ్లిష్ రాత కొండంత, తెలుగు గంపెడు, కోయ పిడికెడు కూడా లేదు. కోయలో చెప్పమంటే కొంత తెలుగు, కొంత గోండి, కొంత ఎక్కడిదో కలిపి ధైర్యంగా చెప్తుంది. మా అవ్వకి చదివి వినిపిస్తే ఇది ఏ ఊరి భాష అని అడిగింది.

అసలు ఈ పోస్టు రాయడానికి కారణం పరీక్ష ఒక్కటే కాదు. మన మీద చేసిన చట్టాలన్నీ ముందు ఇంగ్లిష్‌లో పుట్టాయి. ఊళ్లో భూమి గొడవ వస్తే డిగ్రీ చదివిన పిల్లోణ్ని పిలిచి కాగితం చేతిలో పెడతారు, చదివి చెప్పు అని. మీకు ఈ రోజు రాకపోతే రేపు వస్తుంది. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్‌లో, భూసేకరణకి ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో "కన్సల్ట్" చేయాలని ఉంటుంది. అంటే సంప్రదించాలి. అదే సెక్షన్‌లో చిన్న తరహా ఖనిజాల లీజుకి ముందు వాళ్ల "రికమెండేషన్" తప్పనిసరి అని ఉంటుంది. అంటే సిఫారసు. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్‌కి వస్తే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ "ప్రయర్ కన్సెంట్" అనే మాట ఉంది, ముందస్తు సమ్మతి. మూడు మాటలు, మూడు వేర్వేరు బరువులు. సంప్రదించడం అంటే అడగడం, అడిగాక వాళ్లు వద్దన్నా ఏమవుతుందనేది వేరే తగువు. సమ్మతి అంటే వద్దనే హక్కు. నేను పెసా ముక్కని చాట్‌బాట్‌కి ఇచ్చి తేలిక తెలుగులో చెప్పమన్నా. "గ్రామసభ అనుమతి తీసుకోవాలి" అని రాసింది. వినడానికి ఎంత బాగుంది! మనకి అనుకూలంగానే ఉంది! కానీ అది ఆ చట్టంలో లేదు. ఆ తెలుగు పట్టుకుని మీటింగ్‌లో లేచి మాట్లాడితే, ఎదురుగా కూర్చున్న ఆఫీసరు అసలు కాగితం తీసి ఒక్క మాట చూపిస్తాడు, ఊరంతటి ముందు మన నోరు మూతపడుతుంది. డెబ్ట్ అని నవ్వినప్పుడు నా ఒక్కడి నోరే మూతపడింది. ఇక్కడ ఊరిది.

అందుకే అంటున్నా, తేలిక తెలుగు సారాంశం అడగడం ఆపండి. "కన్సల్ట్‌కీ కన్సెంట్‌కీ తేడా ఏంటి, రెండిటితో చెరో మూడు వాక్యాలు ఇవ్వు" అని అడగండి. "షల్"కీ "మే"కీ తేడా అడగండి. తర్వాత అసలు కాగితానికి వెళ్లి మీరే చదవండి. ఊళ్లోవాళ్ల పట్టాలు, ఆధార్‌లు, కులం సర్టిఫికెట్లు మాత్రం ఫొటో తీసి అందులో పెట్టకండి, చెప్తే వినండి.

ఇక మూడో రకం వాళ్లున్నారు, వాళ్లు ఈ గ్రూపులో లేరు. ఇకపై ట్యాబులు ఇస్తాం, ఏఐ ఉంది, ఇంగ్లిష్ టీచరు పోస్టు ఖాళీగా ఉన్నా పిల్లలకి నష్టం లేదు అనేవాళ్లు. ఒక సభలో ఈ మాట నా చెవులతో విన్నా. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏరు అంటే నీళ్లని తెలిసిన టీచరు బడికి వచ్చే దారి అట్లా ఇరుకైంది. ఇప్పుడు అసలు మనిషే వద్దంటున్నారు. నేను చాట్‌బాట్ వాడతాను అంటే టీచరు లేక వాడుతున్నా. గ్లాసుడు గంజి తాగి బతికాడని చూపించి అన్నం పెట్టడం మానేస్తారా? అన్నా, నీ కోపం ఇటు తిప్పు. పోస్టులు నింపమని అర్జీ పెడితే మొదటి సంతకం నాది.

చెల్లెళ్ల మాట కూడా. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది తమ్ముడి చేతిలో, అది కూడా రీల్స్‌కి. చెల్లి అడిగితే "నీకెందుకు". మా ఇంట్లోనూ ఇదే, నేనూ ఇంతే ఉన్నా మొన్నటిదాకా. ఇప్పుడు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ఫోన్ చెల్లిది. సిగ్నల్ రాకపోతే గుట్ట దగ్గరికి ఇద్దరం కలిసి పోతున్నాం. ఒక నెలలో అది నాకన్నా ముందుకు పోయింది, చెప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరుకి గ్రూప్ కాల్ పెడుతున్నా. పేరా పెసా నాలుగో సెక్షన్, శనివారమే ఇక్కడ ఫొటో పెడతా, సిగ్నల్ ఉన్నప్పుడు దింపుకోండి. చాట్‌బాట్‌కి చూపించకుండా ముందు మీరు రాసిన రెండు లైన్లు తీసుకుని రండి. అన్నా, నువ్వు కూడా రావాలి, ఎర్ర పెన్నుతో.