మంచం కింది బూచి

సింగరాయకొండలో రైలుకట్టకు దగ్గరగా ఉన్న ఇండ్లలో రాత్రివేళ గూడ్సుబండి దాటిపోతుంటే మంచాల కిందనున్న రేకు పెట్టెలు సన్నగా కిటకిటలాడతాయి. పెద్దలకు అది చెవికి అలవాటైన చప్పుడు. మా ఇంటి ఆరేండ్ల పిల్లవానికి మాత్రం అది బూచి పళ్లు కొరుకుతున్న చప్పుడు. వానికి ఆ బూచిని పరిచయం చేసినవారం మేమే. అన్నం తినకపోయినా, పడుకోకుండా వాకిట్లోకి పరుగెత్తినా "అదిగో, మంచం కింద నుంచి చెయ్యి చాపుతున్నాడు" అని బెదిరించడం మా ఇంట దాదీల కాలం నుంచి వస్తున్న అలవాటు.

కిందటి వేసవిలో ఒక రాత్రి వాడు మంచం మీద ఒక మూలకు ముడుచుకుని కూర్చుని "అమ్మీ, కింద ఏదో కదిలింది" అన్నాడు. నవ్వాము. కళ్లు మూసుకుంటే పోతుందన్నాము. తెల్లవారిన తరువాత పక్క తడిపాడని కోప్పడ్డాము కూడా. ఆ సాయంత్రం మంచం కింది మిరపకాయల గోతాన్ని బయటికి లాగినప్పుడు దాని మడతలో చిన్న ఎర్రతేలు కనిపించింది. రాత్రి వాడు చూసినది దానినేనా అన్నది అల్లాహ్‌కే ఎరుక. కాని ఇంట్లో నిజమైన ప్రమాదాన్ని చెప్పుకునే మాటను మేము ముందే ఆటపట్టించే మాటగా మార్చివేశామన్న సంగతి ఆ గోతం ముందు నిలబడినప్పుడు మాకు బోధపడింది.

అబూ దావూద్ గ్రంథంలోని ఒక హదీసు అప్పుడు గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) తమ ఇంట ఉన్న సమయంలో ఒక తల్లి "ఇటు రా, నీకొకటి ఇస్తాను" అని తన బిడ్డను పిలిచింది. ఏమివ్వదలచావని ఆయన అడిగారు. ఖర్జూరమని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ లెక్కలో ఒక అబద్ధంగా వ్రాయబడేదని ఆయన తెలిపారు. ఖర్జూరం విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, లేని బూచిని చూపి బిడ్డను వణికించిన మాట ఏ లెక్కలోకి వస్తుంది? జిన్నులు ఉన్నారని దివ్యఖుర్ఆన్ తెలియజేసింది. అన్నం తినని పిల్లలను మంచం కింద పొంచి ఉండి పట్టుకునేవాడొకడున్నాడని మాత్రం ఎక్కడా తెలియజేయలేదు.

రాక్షసుల కథల పుస్తకాలు పిల్లల చేతికి ఇవ్వవచ్చునా అని కొందరు తల్లులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. భయమంతా ఆ పుస్తకాల నుంచే వస్తున్నదని వారి అనుమానం. మా తరం చందమామ చదివి పెరిగింది. 1954లో మొదలైన 'తోకచుక్క' నుంచి 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'భల్లూక మాంత్రికుడు' వరకు పన్నెండు ధారావాహికలు వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు గనుక, చదివిన పిల్లల్లో చాలామందికి రచయిత ఎవరో పెద్దయ్యాకగాని తెలియలేదు. ఆ కథల నిండా భూతాలు, మాంత్రికులు, వింత మృగాలు. వాటికి చిత్ర గారు గీసిన కోరలు, కొమ్ములు. అయినా 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి ఎంతటి ఆపదలో చిక్కుకున్నా మేము హాయిగానే నిద్రపోయాము. అది కథ అని మాకు తెలుసు, పుస్తకం మూయడం మా చేతిలోనే ఉంది. మాంత్రికుల మాట వచ్చిన చోట, ఇది కల్పన, మంత్రతంత్రాలు మనకు నిషిద్ధమని ఒక్క మాట చెబితే పిల్లలు ఇట్టే గ్రహిస్తారు.

అమెరికాలో 1963లో మారిస్ సెండాక్ వెలువరించిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' కూడా ఇటువంటిదే. అల్లరి చేసినందుకు రాత్రి భోజనం లేకుండా గదిలోకి పంపబడిన మాక్స్ అనే బాలుడు భీకర మృగాల దీవికి చేరి, వాటి కళ్లలోకి రెప్ప వేయకుండా చూసి వాటిని లొంగదీసుకుంటాడు. తిరిగి వచ్చేసరికి గదిలో భోజనం వేడిగానే ఉంటుంది. చిన్నతనంలో తమ ఇంటికి వచ్చి బుగ్గలు గిల్లిన బంధువులే ఆ మృగాలకు మూలమని సెండాక్ చెప్పుకున్నాడు. బంధువులమైన మనకు ఇది కాస్త చురుక్కుమనిపించే మాటే!

తేలు దొరికిన మరునాడు పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని, మంచం కింద బూచి లేడని, ఉన్నాడని మేము చెప్పినది అబద్ధమని ఒప్పుకున్నాము. అంత చిన్నవాని ముందు ఆ మాట అనడానికి మా దాదీకి ఎంతో కష్టమైంది. "మరి ఎందుకు చెప్పారు?" అని వాడు అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. గోతాన్ని వసారాలోకి మార్చాము. పడుకోబోయే ముందు వస్త్రపు కొసతో పక్కను దులుపుకోమని, మనం లేని వేళ దాని మీదికి ఏమి చేరిందో మనకు తెలియదని దైవప్రవక్త (స) బోధించిన సంగతి బుఖారీలో ఉంది. ఇప్పుడు ఇషా తరువాత ఆ పని వాడిదే. టార్చిలైటు వేసి కింద నాలుగు మూలలూ చూస్తాడు, దుప్పటి దులుపుతాడు, ఆయతుల్ కుర్సీ సగం వాడు, సగం వాళ్ల అమ్మీ చదువుతారు.

ఈమధ్య పాత నోటుపుస్తకంలో వాడే ఒక కథ వ్రాస్తున్నాడు. అందులో బూచి ఉన్నాడు, మంచం కిందే ఉంటాడు. గూడ్సుబండి వస్తే అతడికి భయమట. అందుకని పైన పడుకున్న పిల్లవాడు చెయ్యి కిందికి జాపి రేకు పెట్టెను కదలకుండా పట్టుకుంటాడట. ఆ తరువాత ఏమవుతుందని మేము అడిగితే, ఇంకా వ్రాయలేదన్నాడు.