గొయ్యి మూత తీయించే ముందు

వానలు మొదలైతే చాలు, చాలా ఇళ్లలో ఒకే మాట వినబడుతుంది. "నీళ్లు పోవడం లేదు, ఎవరినైనా పిలిపించండి" అని. స్నానాల గదిలోకి నీరు వెనక్కి తన్నుతుంది, పెరట్లో దుర్వాసన మొదలవుతుంది. పక్కింటివారి దగ్గర ఎవరిదో ఫోను నంబరు దొరుకుతుంది. బేరం కుదురుతుంది. ఆ బేరమును గూర్చి ఈ నెల మీతో నాలుగు మాటలు చెప్పదలచాను. కుటుంబ పత్రికలో మురుగు సంగతి ఎందుకండీ అని ముక్కు మూసుకోకండి. ఇదీ ఇంటి సంగతే. మన చేతి మీదుగా డబ్బు వెళ్లే సంగతే.

వీధి కాలువలో పూడికను పారతో ఎత్తిపోయడం వేరు, మూత వేసి ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి మనిషి దిగడం వేరు. మొదటిది కష్టమైన పని. రెండవది ప్రాణం తీసే పని. గాలి ఆడని గొయ్యిలో మురుగు కుళ్లినప్పుడు మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువులు పుడతాయి. రెండవది గాలి కంటె బరువైనది గనుక అడుగున నిలుస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 100 పాళ్లకు చేరితే, కొద్ది నిమిషాల్లో ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది. "ఇప్పుడు వాసన లేదు, దిగవచ్చు" అనుకునే వేళే అన్నిటికంటె ప్రమాదకరమైన వేళ. 700 పాళ్లు దాటితే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి స్పృహ తప్పుతాడు. పైగా పేరుకున్న మడ్డిని కదిపినప్పుడు లోపల చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా బయటికి వస్తుంది. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే ఏమీ ఆగదు. కొందరు దీపం వెలిగించి లోనికి దింపి చూస్తారు. మీథేన్ ఉన్నచోట అది మంటను పిలవడమే.

2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడ్‌లో జరిగినది చాలమంది మరచిపోయి ఉంటారు. మన ఆంధ్రప్రదేశ్ నుండి పనికి వెళ్లిన ఇద్దరు మ్యాన్‌హోలులో ప్రమాదంలో చిక్కుకున్నారు. వారిని కాపాడాలని ఆ ఊరి ఆటో డ్రైవరు ఒకరు లోనికి దిగారు. ముగ్గురూ చనిపోయారు. ఇటువంటి ప్రమాదాలలో ఒకరి వెంట ఒకరు పోవడం తరచుగా జరుగుతూనే ఉంది. తమ్ముడు పడితే అన్న, తండ్రి పడితే కొడుకు దిగుతారు. కాబట్టి ఎవరైనా లోపల పడిపోతే దయచేసి ఎవరినీ దిగనివ్వకండి. వెంటనే 101కి, 108కి ఫోను చేయండి.

ఇక చట్టం సంగతి. 2013 నాటి కేంద్ర చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా ఏ మనిషినీ సెప్టిక్ ట్యాంకు గాని, భూగర్భ మురుగు కాలువ గాని చేత్తో శుభ్రం చేసే పనికి పెట్టకూడదు. ఆ నిషేధం మునిసిపాలిటీకీ కాంట్రాక్టరుకూ మాత్రమే కాదు, "ఏ వ్యక్తి" అయినా అని ఉన్నది. నేరుగా పెట్టినా, మరొకరి ద్వారా పెట్టించినా తప్పే. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు గాని, 2 లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ పనిలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దానిని 30 లక్షలు చేసింది. ఆ డబ్బు కోసం భర్త పోయిన స్త్రీలు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుందో ఆ ఇళ్లకు వెళ్లినవారికే తెలుసు.

"మేము ఎవరినీ దిగమనలేదే, ట్యాంకరునే పిలిచాము" అంటారు మీరు. నిజమే. అయితే ట్యాంకరు వచ్చి పైనున్న నీరంతా లాగిన తర్వాత ఏమవుతుంది? అడుగున మడ్డి గట్టిపడి ఉంటుంది, పైపు లాగదు. "మనిషి దిగితేనే అవుతుందండీ, ఇంకొంచెం ఇప్పించండి" అని అడుగుతారు. ఇంటాయన గడియారం చూసుకొని "సరే, కానివ్వండి" అంటాడు. ప్రాణం పోయేది ఆ రెండు మాటల దగ్గరే. ఆ మాట మీ నోట రాకూడదు. నీళ్లు కొట్టించండి, పైనుండే పొడవాటి కర్రతో కలిపించి మళ్లీ లాగించండి. ఆ రోజుకు కాకపోతే మరునాడు పెద్ద యంత్రాన్ని తెప్పించండి.

అసలు అడుగు గట్టిపడేదాకా ఎందుకు ఉండాలి? రెండు మూడేళ్లకు ఒకసారి తీయిస్తే మడ్డి పలుచగా ఉండి పైపుకే వచ్చేస్తుంది. పదిహేనేళ్లు మూత ఎత్తని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కొందరైతే మూత మీద టైల్సే పరిపించారు! సందు ఇరుకైతే పైపు ఎంత పొడవు కావాలో ముందుగా ఫోనులోనే చెప్పండి. మునిసిపాలిటీ లైసెన్సు ఉన్న ట్యాంకరేనా అని అడగండి. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే ఈ ట్యాంకర్లకు నియమాలు పెట్టింది. మరీ తక్కువకు వచ్చేవాడు ఆ మురుగును ఏ చెరువు గట్టున వదులుతాడో కూడ ఆలోచించండి.

డబ్బు దగ్గర గీచి గీచి బేరమాడకండి. ఈ పనివారిలో చాలమంది తాతల నాటి నుండి ఇదే పనికి నెట్టబడిన కులాలవారు. ఆదివారం గుడిలో మన బల్ల మీదే కూర్చునేవారూ వారిలో ఉన్నారు. పేరు అడిగి, పేరుతో పిలవండి. పని అయిన తర్వాత పెరటి కుళాయి చూపించి, సబ్బు అక్కడే ఉంచండి. టీ ఇచ్చేటప్పుడు ప్లాస్టిక్ కప్పు వెదకనక్కరలేదు, ఇంట్లో అందరూ త్రాగే గ్లాసులోనే ఇవ్వండి.