పద్నాలుగో రోజు గీత

దాత ఇచ్చిన అండంతో గర్భం దాల్చిన స్త్రీని లోలోపల తొలిచే సందేహం ఒకటుంది. తొమ్మిది నెలలు మోసేది తానే, కనేది తానే. మరి బిడ్డలో తనదంటూ ఏమైనా ఉంటుందా? డాక్టరుగారిని అడగడానికి మొహమాటం, ఇంట్లోవాళ్లతో అనడానికి భయం. చాలామందికి ఆ సందేహం మనసులోనే ఉండిపోతుంది.

ఇలాంటి ప్రశ్ననే 1950లలో లండన్‌లో ఒక యువ శాస్త్రవేత్త చిట్టెలుకల మీద పరీక్షించి చూశారు. ఆమె పేరు ఆన్ మెక్‌లారెన్. ఆమె దగ్గరున్న రెండు జాతుల ఎలుకల్లో ఒకదానికి నడుము భాగంలో సాధారణంగా ఐదు వెన్నుపూసలు, రెండోదానికి ఆరు. ఈ రెండింటినీ సంకరపరిస్తే పిల్లలు ఎక్కువగా తల్లి వైపే మొగ్గుతున్నాయి. తల్లి జాతిని తండ్రిగా, తండ్రి జాతిని తల్లిగా మార్చి చూసినా అంతే. రెండు సందర్భాల్లోనూ జన్యువుల వాటా దాదాపు ఒకటే, అయినా ఫలితం వేరు. తేడా అండంలో ఉందా, గర్భసంచిలో ఉందా? తేల్చడానికి ఒకటే దారి. ఒక ఎలుక కడుపులోని పిండాన్ని తీసి మరో జాతి ఎలుక కడుపులో పెట్టాలి. మెక్‌లారెన్, ఆమె భర్త డొనాల్డ్ మిచీ కలిసి ఆ పని చేశారు. పుట్టిన పిల్లల వెన్నుపూసలు లెక్కపెడితే, అవి మోసిన తల్లి పోలికకు వచ్చాయి. జన్యువులు ఇవ్వని తల్లి కూడా ఎముకల లెక్కను మార్చగలదని అలా రుజువైంది.

ఎలుక వెన్నుపూసల సంగతిని మనుషుల ముక్కుకీ కళ్లకీ అంటగట్టకూడదు. కానీ గర్భసంచి అంటే ఊరికే పిండాన్ని దాచే సంచి కాదన్న ఎరుక ఆ ప్రయోగంతో బలపడింది. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు జాతి పిండాన్ని వేరే ఆవు కడుపులో పెట్టే పశువైద్యులకూ, సరోగసీ చట్టం రాసేవారికీ ఆ ఎరుక అవసరమే.

మెక్‌లారెన్ 1927లో లండన్‌లో ప్రభువుల ఇంట పుట్టారు. చిన్నప్పుడు హెచ్.జి.వెల్స్ కథతో 1936లో వచ్చిన ఒక సినిమాలో చిన్న వేషం వేశారు. అందులో ముత్తాత పాత్ర ఆ పిల్లకు చందమామ మీదికి ఎలుకలను పంపిన ముచ్చట చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో జంతుశాస్త్రం చదివి, జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ దగ్గర కొంతకాలం పరిశోధన చేశారు. ఆ హాల్డేనే 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. మెక్‌లారెన్ కూడా ఆయనలాగే వామపక్షవాది. ప్రభువుల బిడ్డ అయినా కమ్యూనిస్టు పార్టీలో చేరారు. 1959లో విడాకులైనా, ముగ్గురు పిల్లల తల్లిగా ఉంటూనే ప్రయోగశాలను వదలలేదు.

ఆమె పేరు నిలబెట్టిన ప్రయోగం 1958 నాటిది. పిండాన్ని ఒక కడుపు నుంచి మరో కడుపుకు మార్చడం కొత్త కాదు, 1890లోనే వాల్టర్ హీప్ కుందేళ్లలో చేసి చూపాడు. ఎలుక పిండాన్ని ఒంటి బయట కొంతవరకు పెంచడమూ కొత్త కాదు, ఆస్ట్రేలియాకు చెందిన వెస్లీ విటెన్ 1956లో ఆ పద్ధతి కనిపెట్టాడు. అయితే బయట పెరిగిన పిండం తిరిగి కడుపులోకి వెళ్లి, ఏ లోపమూ లేని పిల్లగా పుడుతుందా? అది ఎవరికీ తెలియదు. మెక్‌లారెన్, జాన్ బిగ్గర్స్ కలిసి ఎనిమిది కణాల దశలో ఉన్న పిండాలను రెండు రోజులు గాజు పాత్రలో పెంచి, వేరే ఎలుకల గర్భంలో పెట్టారు. పిల్లలు పుట్టాయి, పెరిగాయి. ఆ ఫలితం ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసంగా వచ్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీస్ బ్రౌన్ పుట్టింది. ఆ ఘనత రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీలది. అందులో అనుమానం లేదు. కానీ బయట కొన్నాళ్లు బతికిన పిండం లోపలికి వెళ్లి బిడ్డ కాగలదన్న ధైర్యం వారికి ఎలుకలే ఇచ్చాయి. ఇవాళ మన జిల్లా కేంద్రాల్లో సైతం కనిపించే టెస్ట్‌ట్యూబ్ బేబీ సెంటర్ల బోర్డుల వెనుక వెన్నుపూసలు లెక్కపెట్టిన ఒక మనిషి ఉన్నారు. ఇలాంటి పరిశోధన దేనికి పనికొస్తుందని నిధులిచ్చేవారు ముందే నిలదీస్తే 1955లో ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. మన విశ్వవిద్యాలయాల్లో జీవశాస్త్ర పరిశోధనకు ఇప్పటికీ ఎదురవుతున్న ప్రశ్న అదే. అది తప్పుడు ప్రశ్న.

ఎడిన్‌బరోలో పదిహేనేళ్లు, తర్వాత లండన్‌లో 1974 నుంచి 1992 దాకా క్షీరదాల పెరుగుదలపై ప్రత్యేక పరిశోధన విభాగానికి డైరెక్టరుగా ఆమె చేసిన పని విస్తారమైనది. రెండు పిండాలను కలిపి ఒకే జీవిగా పెంచే పద్ధతి మీద 1976లో, బీజకణాల మీద 1981లో పుస్తకాలు రాశారు. 1991లో రాయల్ సొసైటీ విదేశాంగ కార్యదర్శి అయ్యారు. మూడు వందల ముప్పై ఏళ్ల చరిత్రలో ఆ సంస్థలో పదవి చేపట్టిన మొదటి మహిళ ఆమే.

కానీ మెక్‌లారెన్ ప్రభావాన్ని కొలవాలంటే పరిశోధన పత్రాలు సరిపోవు, 1982 నాటి ఒక కమిటీ గదిలోకి వెళ్లాలి. టెస్ట్‌ట్యూబ్ శిశువులు పుడుతున్నారు, పిండాలు మిగిలిపోతున్నాయి, వాటి మీద ప్రయోగాలు చేయవచ్చా అన్న గొడవ బ్రిటన్‌లో రేగింది. తత్వవేత్త మేరీ వార్నాక్ అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. అందులో వైద్యులున్నారు, న్యాయం తెలిసినవారున్నారు, మతం తెలిసినవారున్నారు. పిండశాస్త్ర పరిశోధకురాలు మాత్రం మెక్‌లారెన్ ఒక్కరే. మిగతావారికి ఓపిగ్గా పాఠం చెప్పే పని ఆమె మీద పడింది.

ఆమె చెప్పిన సంగతి ఇదీ. ఫలదీకరణ జరిగిన పద్నాలుగు, పదిహేను రోజులకు పిండం మీద సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. తల ఎటు, తోక ఎటు అన్నది అక్కడ తేలుతుంది. అంతవరకు ఆ కణాల ముద్ద రెండుగా విడిపోయి కవలలు కావచ్చు, అసలు ఏమీ కాకుండానూ పోవచ్చు. నరాల జాడ కూడా ఉండదు. ‘ఒక మనిషి’ అనదగిన క్రమం ఆ గీతతోనే మొదలవుతుంది. పిండం మీద ప్రయోగాలకు పద్నాలుగు రోజులే హద్దన్న మాటను అమెరికాలో ఒక సలహా మండలి 1979లోనే ప్రస్తావించింది. దానికి మామూలు మనిషికి అర్థమయ్యే ఆధారం చూపింది మెక్‌లారెన్. పిండంలోని గీతే చట్టంలోనూ గీత అయింది.

అదేమీ సులువుగా జరగలేదు. 1984లో కమిటీ నివేదిక వస్తే, మరుసటి ఏడాదే పిండ పరిశోధనను నిషేధించాలన్న ఎంపీ ఈనక్ పావెల్ బిల్లుకు కామన్స్ సభలో 238–66 ఓట్లు పడ్డాయి. ఆ బిల్లు సమయం చాలక ఆగిపోయింది. తర్వాత ఐదేళ్లు మెక్‌లారెన్, ఆమె సహచరులు సభ్యులను కలిసి మాట్లాడుతూనే ఉన్నారు. 1990లో అదే సభ 364–193 ఓట్లతో పరిశోధనకు అనుమతి ఇచ్చింది.

1978లోనే మన కోల్‌కతాలోనూ ఒక కథ నడిచింది. లూయీస్ పుట్టి రెండున్నర నెలలు కాకముందే, అక్టోబరు 3న, డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీదుగా దుర్గ పుట్టింది. గడ్డకట్టించి దాచిన పిండంతో ఆయన ఈ పని సాధించారు. ప్రభుత్వం కమిటీ వేసింది. పిండశాస్త్రం తెలియని ఆ కమిటీ ఆయన మాట నమ్మశక్యం కాదని తేల్చేసింది. ఆయనను కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు తమదేనని 1986లో పేరు పొందిన టి.సి.ఆనంద్ కుమార్, ముఖర్జీ రాతప్రతులు చదివాక, ఆ గౌరవం నిజానికి ముఖర్జీదేనని 1997లో బహిరంగంగా ఒప్పుకున్నారు. పదహారేళ్లు ఆలస్యంగా దక్కిన న్యాయం అది. రెండు దేశాల్లోనూ కమిటీలు కూర్చున్నాయి. ఒకదాంట్లో విషయం తెలిసిన మనిషి ఉన్నారు, రెండోదాంట్లో లేరు.

మన దగ్గర మరో చిక్కు ఉంది, అది మాటలది. ఎనిమిది కణాల ముద్దనూ పిండమంటాం, ఐదో నెల బిడ్డనూ పిండమే అంటాం, పెద్దలకు పెట్టే అన్నం ముద్ద కూడా పిండమే. పాఠ్యపుస్తకాల్లో పిండం, భ్రూణం అని వేరు చేసినా వార్తల్లోకి వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి. మాటే తేలనప్పుడు చర్చ ఎలా తేలుతుంది? తేలాల్సిన చర్చలు మాత్రం ఉన్నాయి. పిండాన్ని గర్భంలో పెట్టకముందే జన్యు పరీక్ష చేయవచ్చని, దాంతో మేలూ కీడూ రెండూ ఉంటాయని మెక్‌లారెన్ 1985లోనే రాశారు. వంశపారంపర్య వ్యాధిని తప్పించే ఆ పరీక్షే ఆడపిల్లను తప్పించడానికీ పనికొస్తుంది. అందుకే మన లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని 2003లో సవరించి, గర్భధారణకు ముందు జరిగే ఎంపికను కూడా దాని కిందికి తెచ్చారు.

పద్నాలుగు రోజుల గీత మీద కూడా మళ్లీ చర్చ మొదలైంది. 2016లో కేంబ్రిడ్జ్, న్యూయార్క్ ప్రయోగశాలలు మానవ పిండాన్ని పన్నెండు, పదమూడు రోజుల దాకా పెంచగలిగాయి. 2021లో మూలకణ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ఆ గడువును సడలించింది. మన దేశ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో పద్నాలుగు రోజులే హద్దు. రేపు దాన్ని మార్చాలా వద్దా అన్న ప్రశ్న మన ముందుకూ వస్తుంది.

మెక్‌లారెన్ 2007 జులై 7న కేంబ్రిడ్జ్ నుంచి లండన్‌కు వెళుతూ కారు ప్రమాదంలో మరణించారు. విడిపోయినా స్నేహం వదలని మిచీ కూడా అదే కారులో కన్నుమూశారు. ఆమెకు ఎనభై ఏళ్లు.

సరోగసీ నియంత్రణ చట్టం 2021లో జాతీయ, రాష్ట్ర బోర్డులను ఏర్పాటు చేస్తూ జన్యు వైద్యులకో పిండశాస్త్రవేత్తలకో అందులో చోటు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ కుర్చీల్లో కూర్చునేవారికి ఒక విన్నపం. ఫైళ్ల మీద సంతకాలతో సరిపెట్టకండి. జనం మధ్యకు వచ్చి, దాత అండంతో తల్లి కాబోతున్న ఆ స్త్రీకి అర్థమయ్యే తెలుగులో, గాజు పాత్రలో ఏం జరుగుతుందో, పద్నాలుగో రోజున ఏం కనిపిస్తుందో చెప్పండి.