చదివింపులు ఆపుదాం, పుట్టినరోజులు కాదు



మొన్న ఆదివారం రాత్రి భోజనాల దగ్గర వార్డెను గారు "రేపట్నుంచి హాస్టల్లో పుట్టినరోజులు బంద్" అని చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. అప్పట్నుంచీ ప్రతి గదిలోనూ అదే మాట. కొందరు మంచిదే అయ్యింది అంటున్నారు. కొందరు మూతి ముడుచుకుని తిరుగుతున్నారు. ఈ సంచికలో వర్షాకాలం దోమల గురించి రాస్తానని సంపాదకులకు మాటిచ్చాను గాని, దోమలు వచ్చే నెలకీ ఉంటాయి. ముందు ఈ సంగతి రాయాలి. ఎందుకంటే ఆ గొడవలో మొదటి తప్పు నాది.

జరిగింది తెలియని ఆరో తరగతి తమ్ముళ్ల కోసం చెప్తాను. జూన్ 20న మా తొమ్మిదో తరగతి వాడొకడి పుట్టినరోజు. బడి తెరిచి వారమే అయ్యింది, అందరి దగ్గరా ఇంటి నుంచి తెచ్చిన సరుకు ఇంకా ఉంది. కేకు కోసం మనిషికి పది రూపాయలు వేసుకుందామని ఒకడు లెక్క మొదలెట్టాడు. ఉన్నవాళ్లు చెయ్యెత్తారు, లేనివాళ్లు కిటికీలోంచి కొండ చూశారు. చివరికి ఎవరి నాన్నో సంచీలో పెట్టి పంపిన అనాస పండే కేకు అయ్యింది. దాని పిలకలో అగ్గిపుల్ల గుచ్చి వెలిగించాం. వాడు ఊదకముందే ఆరిపోయింది. అయినా చప్పట్లు కొట్టేశాం. సీతంపేట అనాస ముందు ఏ కేకు పనికొస్తాది చెప్పండి!

తర్వాత బహుమతులు. అసలు సరదా అంతా అక్కడే. నేను స్టీలు గ్లాసు తీసుకుని మైకులా నోటికి అడ్డం పెట్టి మంచమెక్కాను. మన పెళ్లిళ్లలో పందిట్లో ఒకాయన నోటు పుస్తకం పెట్టుకుని "ఫలానా వారు నూటపదహార్లు" అని అరుస్తాడు కదా, అచ్చం అలాగే.

"చదివింపులోయ్ చదివింపులు! కిటికీ పక్క మంచం వారు పెళ్లికొడుక్కి ఒక పెన్ను చదివించారు. అందులో ఇంకు ఉందో లేదో దేవుడికెరుక!"

"ఎనిమిదో తరగతి వారు మూడు చిక్కీలు! ఒకదాని మీద ఇచ్చినవారి పంటి గుర్తు కూడా ఉంది, అది ఉచితం!"

ఆ చిక్కీలు ఇచ్చినవాడు మూడు రోజులు తినకుండా దాచాడు. పంటి గుర్తు మాత్రం నిజమే, వాడే ఒప్పుకున్నాడు. "మూడోనాడు ఆగలేకపోనాన్రా" అన్నాడు.

ఇంకొకరు కొబ్బరినూనె పేకెట్టు, మరొకరు దువ్వెన ఇచ్చారు. మా పుట్టినరోజు వాడికి వేసవి సెలవుల్లో మొక్కు తీర్చి గుండు చేయించారు. వాడు గుండు తడుముకుంటూ "ఏట్రా, నా నెత్తి సూసే ఇచ్చారేటి? దీపావళి దాకా దాచుకోవాల" అన్నాడు. అందరికంటే వాడే ఎక్కువ నవ్వాడు. అంతవరకూ బాగుంది. అంతవరకూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు.

ఇంతలో వెనక నుంచి ఒకడు పాత పేపరు చుట్టిన పొడుగాటి వస్తువు చేతికిచ్చాడు. విప్పి చూస్తే కొండచీపురు. నేను ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. గ్లాసు ఎత్తి, "చదివింపులు! పెళ్లికొడుకుని ఊడ్చి పారెయ్యమని ఒక సీపురు!" అని అరిచాను. గది దద్దరిల్లిపోయింది. ఎవరో "సీపురుతో దీవిస్తావేట్రా" అన్నారు. ఇంకెవరో దాన్ని లాక్కుని గిటారులా వాయించారు. ఇచ్చినవాడు కూడా నవ్వాడు. నవ్వాడనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న వాడు టిఫినుకి రాలేదు. సాయంత్రం పంపు దగ్గర వాడి ఊరి కుర్రాడొకడు నాతో "మా వోడిని ఎందుకలాగన్నావు?" అన్నాడు. నేనేదో అన్నాను. ఒకరి బకెట్టు పగిలింది, ఒకరి పెదవి చిట్లింది. అప్పుడు వార్డెను గారు వచ్చారు.

తర్వాత తెలిసిన సంగతి ఇది. సెలవులు అయిపోయి బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ వాడికి పది చీపుర్లు కట్టిచ్చి, దారిలో సంతలో అమ్ముకుని నోటు పుస్తకాలు, చెప్పులు కొనుక్కోమంది. వాడు తొమ్మిది అమ్మి ఒకటి ఉంచాడు. చీపురు అంటే ఏటో మనలో తెలియనివాళ్లు ఎవరూ లేరు. చలికాలం చివర్లో కొండెక్కి గడ్డి కొయ్యాలి. ఆకు అంచు చేతులు కోసేస్తుంది. మోపు నెత్తిన పెట్టుకుని దిగాలి, ఎండబెట్టాలి, పూత దులపాలి, ఈనెలు సమంగా చేసి బిగించి కట్టాలి. సంతలో బేరగాడు వచ్చి దాన్ని కూడా సగానికి అడుగుతాడు. ఆ రోజు గదిలో ఇచ్చిన వాటన్నిటిలోకీ ఇంటి నుంచి వచ్చినదీ, ఇంట్లో ఒకరు కష్టపడి చేసినదీ అదొక్కటే. మిగతావన్నీ కొట్లో కొన్నవి, లేదా హాస్టల్లో పంచినవి. నేను ఇచ్చినది పోయిన సంవత్సరం డైరీ. దాన్ని మాత్రం నేను గ్లాసులో చదవలేదు!

ఇప్పుడు వార్డెను గారి మాటకి వస్తాను. సార్, మీరన్నదాంట్లో న్యాయం ఉంది. డబ్బులు వేసుకునే దగ్గర లేనివాడి ముఖం చిన్నబోతుంది. కొందరు కొట్లో అప్పు పెడుతున్నారు. నురుగు డబ్బాలు, ముఖానికి గుడ్లు కొట్టడం లాంటివి ఇక్కడికీ వచ్చేశాయి. వారానికి ఇన్నని లెక్కపెట్టి ఇచ్చే గుడ్డుని ఒకడి నెత్తిన పగలగొట్టడం చూస్తే నాకే కడుపు మండుతుంది. అవి ఆపండి. కాని పుట్టినరోజే వద్దంటే ఒప్పుకోలేను. ఎందుకో చెప్తాను.

మన హాజరు పట్టీ ఒకసారి చూడండి. మా తరగతిలో సగం మంది జూన్ నెలలోనే పుట్టారు! కొండల్లో పిల్లలు జూన్‌లోనే పుడతారని కాదు. ఒకటో తరగతిలో చేర్చిన రోజున మాస్టారు అడిగితే నాన్నకి తేదీ తెలియదు. అయిదేళ్లు నిండినట్టు లెక్క చూసి మాస్టారే ఒక జూన్ తేదీ వేశారు. ఆ మాస్టార్ని తప్పు పట్టడం లేదు, ఆయన వెయ్యకపోతే బడే లేదు. నాది రికార్డులో జూన్ 10. మా అమ్మనడిగితే "కందికొత్త అయిన మూడోనాడు పుట్టావు" అంటుంది. కందికొత్త ఎప్పుడంటే ఊరి పెద్దలు కూర్చుని చెప్పినప్పుడు. ఏ ఏడాదీ ఒకే తేదీ కాదు. మా చెల్లి మాత్రం తిత్లీ తుఫానుకి వారం ముందు పుట్టింది. ఆ తుఫాను 2018 అక్టోబరు 11న వచ్చింది కాబట్టి దాని తేదీ దొరికింది. గాలివాన వస్తే గాని మా ఇంట్లో ఒకరికి పుట్టినరోజు దొరకలేదన్న మాట!

సాంఘిక శాస్త్రం మాస్టారు చెప్పారు, 1969 చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలట. 2023లో దాన్ని సవరించారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరాలన్నా, ఓటరు జాబితాలో చేరాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే రుజువు. మన ఇళ్లలో పసిపిల్లలుంటే ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ కాగితం ఉందో లేదో అడగండి. మనకి జూన్ అయ్యింది, వాళ్లకి కాకూడదు.

ఇంట్లో ఎవరూ పుట్టినరోజు చెయ్యని పిల్లలం మనం. తేదీ తప్పైనా సరే, ఒక రోజున గదిలో అందరూ నీ వైపు చూసి నీ పేరు అరవడం ఇక్కడికొచ్చాకే చూశాం. బడిలో పెద్దల జయంతులు అన్నీ చేస్తాం. జులై 4న అల్లూరి సీతారామరాజుకి, సెప్టెంబరు 5న రాధాకృష్ణన్ గారికి, నవంబరు 14న నెహ్రూ గారికి దండలు వేస్తాం. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. 1863లో పుట్టిన ఆయన మా సవర భాష నేర్చుకుని, మా పిల్లలకి మా మాటలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా మా సవర కుర్రాళ్లం వరసలో కొంచెం నిటారుగా నిలబడతాం. ఆ జయంతుల్లో ఎవరూ చదివింపులు చదవరు. దండ ఎవరు తెచ్చారో, పువ్వులు ఎవరి తోటవో అడగరు.

అందుకని నా మాట ఇది. వార్డెను గారు ఒప్పుకుంటే, పుట్టినరోజులు ఉండనివ్వండి. డబ్బు వసూలు వద్దు. బహుమతి ఇచ్చేవాళ్లు వాడి మంచం మీద దుప్పటి కింద పెట్టి పోవాలి. ఎవరిచ్చారో వాడికి తెలిస్తే చాలు, గదికి తెలియక్కర్లేదు. ఇవ్వనివాడు అనాస ముక్క ఇంకొంచెం ఎక్కువ తినాలి. వేళాకోళం కావాలంటే పుట్టినరోజు వాడినే చెయ్యండి, వాడి గుండుని, వాడి గురకని, లెక్కల్లో వాడి మార్కుల్ని. ఆ రోజుకి అది వాడి హక్కు, వాడూ నవ్వుతాడు. ఇచ్చినవాడి జోలికి పోవద్దు. ఇక తేదీ నచ్చనివాళ్లు తమకి నచ్చిన రోజు చెప్పుకోవచ్చు. నేను కందికొత్త అయిన మూడోనాడే చేసుకుంటాను. సెలవు కాకపోయినా సరే.

"వాడికి క్షమాపణ చెప్పావా?" అని మీరడుగుతారు. చెప్పాను. వాడు "ఊరుకోరా బావా" అని, "నీ డైరీలో కాగితాలన్నీ ఖాళీగానే ఉన్నాయట, అది మాత్రం మంచి బహుమానమేరా" అన్నాడు. వెక్కిరించాడో మెచ్చుకున్నాడో ఇంకా తేలలేదు.

చీపురు రెండో గది తలుపు వెనక ఉంది. గది ఊడ్చే వంతుల కాగితంలో ఈ వారం నా పేరుంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థి