గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టాలి

నైరుతి రుతుపవనాలు వస్తే రాయలసీమ గాలిమరలకు చేతినిండా పనే. ఏడాది ఉత్పత్తిలో సింహభాగం ఆ నాలుగు నెలల్లోనే వస్తుంది. చిక్కల్లా అప్పుడే వానలు పడి పొలాల్లో బోర్ల వాడకం, ఇళ్లలో ఏసీల వాడకం తగ్గడం. కరెంటు ఎక్కువైందంటూ గాలిమరలను ‘బ్యాక్‌డౌన్’ (ఉత్పత్తి తగ్గింపు) చేయిస్తారు. బొగ్గు కేంద్రాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. ఈ తలకిందుల పద్ధతికి స్వస్తి పలకాలి.

గ్రిడ్ భద్రతను తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనరు. ఫ్రీక్వెన్సీ 49.90-50.05 హెర్ట్జ్ మధ్య నిలవాల్సిందే. 2012 జులైలో గ్రిడ్ కుప్పకూలి ఉత్తరాది చీకట్లో మునిగిన సంగతి మరువరానిది. కానీ 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ జాతీయ గ్రిడ్‌లో కలిసింది. మిగులు కరెంటును ఇతర రాష్ట్రాలకు అమ్ముకునే దారి విశాలమైంది. భద్రతకు ముప్పు, సాంకేతిక అవరోధం ఉంటే తప్ప పవన విద్యుత్‌ను ఆపరాదని, ఆపితే పరిహారం ఇవ్వాలని 2021 కేంద్ర నిబంధనలూ చెబుతున్నాయి.

విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) అసలు గోడు ధర. పాత ఒప్పందాల్లో యూనిట్ రూ.4.84 దాకా ఉన్న మాట నిజమే. దాన్ని తిరగదోడేందుకు 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన ప్రయత్నం ఏమైంది? ఒప్పందం ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. ధరపై అభ్యంతరం ఉంటే విద్యుత్ నియంత్రణ మండలి ముందు చెప్పాలి తప్ప గ్రిడ్ భద్రత చాటున దాక్కోకూడదు.

మార్గాలు లేక కాదు. గిరాకీ తగ్గినప్పుడు బొగ్గు యూనిట్లను సామర్థ్యంలో 40 శాతానికి తగ్గించి నడపగలిగేలా దశలవారీగా మార్చాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లోనే నిర్దేశించింది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరున్నాయి. గాలి జోరుగా ఉన్న రాత్రి నీటిని పైకి తోడి, సాయంత్రం గిరాకీ వేళ కరెంటు తీసే యంత్రాలివి. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ పథకం ఇందుకే. జల వివాదాలు పక్కనపెట్టి, వీటి వాడకంపై రెండు తెలుగు రాష్ట్రాలు ఒక అవగాహనకు రావాలి.

రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా విభజించి విద్యుత్ షెడ్యూలు వేస్తారు. ఏ బ్లాకులో ఎన్ని మెగావాట్ల గాలి కరెంటును, ఏ కారణంతో ఆపారో మర్నాడే వెల్లడించాలి. పరిహారమైనా, బొగ్గు ఖర్చైనా చివరికి ట్రూ-అప్ (ఖర్చుల సర్దుబాటు) పేరుతో బిల్లు కట్టేది వినియోగదారుడే. లెక్క అడిగే హక్కు అతనిది. చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.