మన ఎడ్ల పేజీలకి మన ప్రకటనలు మనమే ఎంచుకుందాం

మిరప కోతల్లో పడి ఈ నెలంతా ఏమీ రాయలేకపోయాను. కానీ ఒక సంగతి మనసులో నలుగుతూనే ఉంది. కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి.

ఈ పేజీ నేను పెట్టింది డబ్బు కోసం కాదు. ఒంగోలు గిత్తలంటే పిచ్చి, అంతే. సంక్రాంతి నుంచి శివరాత్రి దాటి తిరునాళ్ళ దాకా ఎక్కడ బండలాగుడు పోటీ పెట్టినా బండేసుకుని పోవటం, రెండు పళ్ళ విభాగంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో రాసుకొచ్చి మీకు చెప్పటం. నాలాంటి వాళ్ళు పల్నాడులో ఉన్నారు, ప్రకాశంలో ఉన్నారు, నంద్యాల వైపు ఉన్నారు, నల్గొండలోనూ ఉన్నారు. అందరం సొంత పెట్రోలు పోసుకుని తిరిగేవాళ్ళమే.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పోయినేడు ఒకాయన ఫోన్ చేసి, ఎద్దులకి బలానికి పొడి తయారు చేస్తున్నామన్నాడు. రెండు డబ్బాలూ మూడు వేలూ పంపి, ఫొటో పెట్టి నాలుగు మంచి మాటలు రాయమన్నాడు. రాశాను. నా ఎద్దులకి ఒక్క చెంచా కూడా పెట్టి చూడలేదు. నెల తిరక్కుండా పక్క ఊరి రైతు ఒకతను వచ్చాడు. ఆ పొడి పెట్టినాక గిత్తకి మూడు రోజులు పారుడు పట్టుకుందంట. పశువుల డాక్టరు డబ్బా తిప్పి చూస్తే తయారుచేసినవాడి అడ్రసు కూడా లేదు. అతను నాతో పోట్లాడలేదు. "మీరు పెట్టారని కొన్నాను అన్నా" అన్నాడు, అంతే. ఆ మాట ఈరోజుకీ గుచ్చుకుంటది. మూడు వేలు అతని చేతిలో పెట్టేశాను. గిత్త కోలుకుంది గానీ నా పేజీ మీద అతనికున్న నమ్మకం కోలుకుందో లేదో.

ఇక అసలు విషయానికొస్తా. మన పేజీల్లో ప్రకటనలు ఇప్పుడూ వస్తూనే ఉన్నాయి. యూట్యూబులో వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉంటే ప్రకటనలు వేసి, పెద్ద వీడియోల మీద వచ్చినదాంట్లో నూటికి 55 మనకిస్తారు. ఒకరకంగా పాలుకి చేసిన సేద్యమే. కానీ ఆ చేలో ఏ పంట వెయ్యాలో చెప్పేది మనం కాదు. ఎడ్లు బండ లాగుతుంటే మధ్యలో అప్పులిచ్చే యాప్ వస్తది, నగరంలో ఫ్లాట్లు వస్తాయి. చూసేవాడికి అక్కర్లేదు, మనకి మిగిలేది చిల్లర.

అదే మన ఎడ్లకి కావల్సినవాళ్ళు చూడండి. ఉలవలు, తవుడు, పత్తి చెక్క అమ్మే కొట్టు. పగ్గాలు, ముకుతాళ్ళు, మువ్వల పట్టెడలు చేసేవాళ్ళు. కాడి చెక్కే వడ్రంగి. లాడాలు కొట్టేవాడు. ఎడ్లని వేరే జిల్లాకి తోలే లారీ ఆయన. వీళ్ళకి టీవీలో ప్రకటన ఇచ్చే స్తోమత లేదు, ఇచ్చినా దండగే. కావల్సిన జనమంతా మన పేజీల్లోనే ఉన్నారు. కానీ ఆ వడ్రంగి ఇరవై పేజీల వాళ్ళకి విడివిడిగా ఫోన్లు చేసి బేరాలాడగలడా? మధ్యలో ఒక కూటమి ఉంటే ఒక్కచోట మాట్లాడుకుంటే సరిపోద్ది.

ఈ ఆలోచన మా మేనల్లుడిది. "మావయ్యా, ఇది ఎప్పుడో చేశారు" అని ఒక కథ చెప్పాడు. కెనడాలో రయాన్ నార్త్ అని బొమ్మల కథలు రాసే ఆయన 2006లో ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ అని ఒకటి పెట్టాడు. తనలాగా ఇష్టం కొద్దీ బొమ్మల కథలు పెట్టుకునేవాళ్ళ సైట్లకి ప్రకటనలు తెచ్చేది. దాని పద్ధతి మన మిర్చి యార్డు వాళ్ళకి వెంటనే అర్థమవుతది. అంతా వేలంపాటే. ఫలానా సైటులో ఈ చోటుకి రోజుకి ఎంత ఇస్తావు? ఎక్కువ పాడినవాడి ప్రకటన ఉంటది, ఇంకోడు పై పాట పాడితే మారుద్ది. ఎంతమంది నొక్కారన్న లెక్క లేదు, రోజుకింత, అంతే. కొన్ని పైసలతో కూడా చిన్నవాడు ప్రకటన ఇచ్చుకోగలిగాడు. ఏ ప్రకటన వద్దో సైటు ఆయనే చెప్పొచ్చు. పన్నెండేళ్ళు నడిచింది.

మన లెక్క చూద్దాం. ఒక దాణా కొట్టు పేజీకి రోజుకి ఇరవై రూపాయల చొప్పున పది పేజీల్లో ఇస్తే నెలకి ఆరు వేలు. అట్లా నలుగురు వస్తే ఒక్కో పేజీకి నెలకి 2,400. కూటమి ఖర్చుకి నూటికి పదిహేను తీసినా 2,040 మిగులుద్ది. ఎవరూ మేడలు కట్టరు. పెట్రోలు, డేటా ఖర్చు వస్తది. మాకు కావల్సింది అంతే. ఇంతకన్నా పెద్ద ఆశ చూపిస్తే నేను అబద్ధమాడినట్టే.

"ఎడ్ల మీద అభిమానాన్ని అమ్ముకుంటారా?" అని పెద్దాయన ఒకరు అడిగారు. గౌరవంగానే చెప్తున్నా. అమ్మకం ఇప్పటికే జరుగుతుంది, చాటుగా. డబ్బు తీసుకుని సొంత అభిప్రాయం లాగా రాయటం, నేను చేసిందదే. దానికంటే "ఇది డబ్బు తీసుకుని వేసిన ప్రకటన" అని నెత్తిన రాసి పెట్టటం మర్యాద. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా ఉంది. తయారుచేసినవాడికే కాదు, బాగుందని చెప్పినవాడికి కూడా. విచారించుకున్నాకే చెప్పానని చూపించగలిగితేనే బయటపడేది. ఇక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చెయ్యటం 2025 చట్టం ప్రకారం జైలుకి పోయే నేరం. అయినా కొన్ని ఎడ్ల పేజీల్లో ఆ లింకులు ఇంకా కనపడుతున్నాయి. మన పిల్లలే వాటిని నొక్కేది.

కాబట్టి నా మాట ఇది. కూటమి పెడదాం, కానీ కట్టుబాట్లు ముందు రాసుకుందాం. నోట్లో వేసేది ఏదైనా, మందు గానీ పొడి గానీ, లైసెన్సు కాగితం, తయారీ అడ్రసు లేనిదే వద్దు. ఆ పైన పశువుల డాక్టరుకి చూపించాలి. పందేలు, అప్పుల యాప్‌లు అసలే వద్దు. రైతు నుంచి ఫిర్యాదు వస్తే ఆ రోజే ప్రకటన ఆపాలి. ప్రతి నెలా లెక్కలు అందరికీ చూపాలి.

ఇంకొకటి. ఆ కెనడా కూటమి 2018లో మూతపడింది. జనం సొంత సైట్లు వదిలేసి ఫేస్‌బుక్కు లాంటి చోట్లకి పోయారు, ప్రకటనలు కనపడకుండా చేసే సాధనాలు వచ్చాయి, ఆదాయం పడిపోయింది. మనమైతే మొదట్నుంచీ ఆ పెద్దల చేలోనే కౌలుకి ఉన్నాం. రేపు లేచిపొమ్మంటే పోవాల్సిందే. అందుకని పోటీల తేదీలు, ఫలితాలు, అమ్మకానికున్న జతలు, అన్నీ ఉండే సొంత వెబ్‌సైటు ఒకటి చిన్నదైనా కట్టుకుందాం. ప్రకటనల చోటు అక్కడ ఉండాలి. కౌలు చేను ఎంత పండినా, సొంత గట్టు అరెకరం వేరు.

ఎడ్ల పేజీలు నడిపే తమ్ముళ్ళు, అన్నలు ఎవరైనా సరే, పొద్దుగూకినాక ఫోన్ చెయ్యండి. పగలు కోతలో ఉంటా. ఆ పొడి మాట నమ్మి కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, వాళ్ళు కూడా చెయ్యండి. క్షమాపణ బాకీ ఉన్నాను.