పాఠం నిర్ణయించేదెవరు?

పిల్లవాడు బి.ఏ.లో చేరగానే ఫీజుల లెక్కా, పరీక్షల తేదీలూ ఇంటిల్లిపాదికీ కంఠస్థమవుతాయి. కాని ఆ పాఠాలే ఎందుకు చదవాలో, ఆ పరీక్ష అలాగే ఎందుకుండాలో నిర్ణయించేదెవరని అడగండి. చాలామంది “ఇంకెవరు, వైస్-ఛాన్సలరు గారే!” అంటారు. అది సగమే నిజం.

విశ్వవిద్యాలయమూ ఒక పెద్ద సంసారమే. ఇనప్పెట్టె తాళాలూ, ఉద్యోగాలిచ్చే అధికారమూ పాలకమండలి చేతిలో ఉంటాయి. వంటింటి పెత్తనం వేరు. ఏం వండాలి, ఉడికిందా లేదా అని చూసేది విద్యామండలి.

ఈ పంపకం మొదటినుంచీ లేదు. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలిరోజుల్లో పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే పని. చదువు సంగతులు చూడడానికి అకడమిక్ కౌన్సిలనే ప్రత్యేక సభ అక్కడ 1923 చట్టంతో వచ్చింది. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ సెనేటు, సిండికేటుల పక్కన దానికి పీట వేశారు. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టంలో దాని పేరు అకడమిక్ సెనేటు.

వైస్-ఛాన్సలరు అధ్యక్షుడు. ఆచార్యులు, కళాశాలల ప్రిన్సిపాళ్ళు, బయటినుంచి వచ్చిన విద్వాంసులు సభ్యులు. ఒక్కొక్క శాస్త్రానికీ ఉన్న పాఠ్యనిర్ణాయక సంఘం ముందుగా పాఠ్యప్రణాళిక తయారుచేస్తే, అది ఈ సభ ముందుకు వస్తుంది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. కాగితాల కట్ట లావు, పొద్దు చిన్నది. టీ చల్లారేలోగా “ఆమోదించడమైనది” అని రాసేస్తే, ఆ ఒక్క మాట వేలాది ఇళ్ళ మీద పడుతుంది. ఎన్ని పేపర్లు తప్పినా పై తరగతికి పంపవచ్చునన్న నియమం ఒక అంకె మారిందనుకోండి, ఎవరింటి పిల్లకో ఒక ఏడాది చదువు పోతుంది. పల్లెటూరి కాలేజీలో పాఠం చెప్పే మాస్టారు ఆ సభలో ఉంటే, “మా దగ్గర లాబరేటరీ లేదండీ, ఈ ప్రయోగం ఎలా చేయించమంటారు?” అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడగడానికే అతనికి అక్కడ కుర్చీ ఉండాలి. అడిగితే వినే ఓపిక తక్కినవారికి ఉండాలి.

మార్కుల చీటీ చూసి పిల్లల్ని నిలదీసే మనం, ఆ సభలో ఎవరు కూర్చున్నారో కూడా ఒకసారి విచారించడం మంచిది.